రెపో రేటు తగ్గితే ఏ ఇంటికి ఎంత? లెక్క వేసే పద్ధతి

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే వడ్డీని, 6.50 నుంచి 5.50 శాతానికి దించింది. ఆ ఒక్క శాతం ఎవరి చేతికి చేరిందో తేలాలంటే మూడు ఇళ్లు తీసుకోండి: ఇంటి అప్పున్న ఉద్యోగి, డిపాజిట్ వడ్డీతో బతికే పెద్దాయన, వడ్డీ వ్యాపారికి బాకీ ఉన్న తాపీ కూలీ.

ముందుగా ఉద్యోగి అప్పు ఏ రేటుకు ముడిపడి ఉందో చూడండి. 2019 అక్టోబర్ 1 తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి అప్పులు ఎక్కువగా రెపోకే ముడిపడి ఉంటాయి, కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి పెట్టుకునే ఎంసీఎల్‌ఆర్ రేటుకు ముడిపడ్డ పాత అప్పులు నెమ్మదిగా కదులుతాయి. 30 లక్షలు, 20 ఏళ్లు అనుకుంటే 9 శాతం వద్ద ఈఎంఐ సుమారు 26,990 రూపాయలు, 8 శాతం వద్ద 25,090. నెలకు 1,900 మిగులు. అయితే బ్యాంకు ఈఎంఐ కదపకుండా గడువు తగ్గించిందా అన్నది స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. అలాగైతే ఈ నెల మిగులు సున్నా.

పెద్దాయన 10 లక్షల డిపాజిట్ మీద వడ్డీ 7 నుంచి 6కు దిగితే నెలకు 833 రూపాయల కోత. అదీ రెన్యువల్ తర్వాతే. అందుకే పక్కన మెచ్యూరిటీ తేదీ రాయండి.

కూలీకి నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 అప్పుంటే నెలకు 1,500 కట్టాలి, అంటే ఏడాదికి 36 శాతం. రెపో ఎంతున్నా అది మారదు. అలాగని అతని ఎదుట సున్నా రాసేస్తే లెక్కంతా తప్పుతుంది. అతనికి రేటు తగిలేది పని రోజుల్లో. అప్పులు చౌకై కట్టడాలు పెరిగి నెలకు రెండు రోజులు అదనంగా దొరికితే, కూలి 800 చొప్పున 1,600. కాకపోతే అది చేరడానికి చాలా నెలలు పడుతుంది కాబట్టి ఏడాది తర్వాత మరోసారి లెక్క వేయాలి.

ప్రతి మొత్తాన్నీ ఆ ఇంటి నెల ఆదాయంలో శాతంగా మార్చి, ధరల పెరుగుదల తీసేయండి. అందరికీ ఒకే శాతం వద్దు, తిండి ఖర్చు వాటా అందరికీ ఒకటి కాదు: 2012ను ఆధార ఏడాదిగా తీసుకున్న ధరల సూచీలో ఆహారం, పానీయాల వాటా పల్లెల్లో 54.18 శాతం, పట్టణాల్లో 36.29.

షేర్లు, స్థలాల విలువ పెరిగితే వేరే గడిలో వేయండి, అమ్మేదాకా అది ఆదాయం కాదు. అద్దె మాత్రం ఇంటి యజమానికి ఆదాయమే. కూలీ అద్దెకుంటే, పెరిగిన అద్దెను అతని ఖర్చులో రాయాలి.