ఎన్.డబ్ల్యు.ఎ. తొలి రికార్డుల్లో మరుగున పడిన పేర్లను ఎలా వెలికి తీయాలి?

ఎన్.డబ్ల్యు.ఎ. కాలిఫోర్నియాలోని కాంప్టన్ నుంచి వచ్చిన ర్యాప్ బృందం. వాళ్ళ 'స్ట్రెయిట్ ఔటా కాంప్టన్' ఎల్పీ అట్ట మీద కిందికి వంగి చూస్తున్న ముఖాలు ఆరు. 2015లో అదే పేరుతో వచ్చిన సినిమా మాత్రం ఐదుగురి కథే చెప్పింది. 2016లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన పేర్లూ ఐదే: ఈజీ-ఇ, డాక్టర్ డ్రే, ఐస్ క్యూబ్, ఎమ్.సి. రెన్, డీజే యెల్లా. ఆ ఆరో మనిషి అరేబియన్ ప్రిన్స్. ఆ ఎల్పీ కన్నా ఒక్క ఏడాది వెనక్కి వెళ్ళి 1987 నాటి 'ఎన్.డబ్ల్యు.ఎ. అండ్ ద పాసీ' తీస్తే, అందులో నాలుగు పాటలు కాలిఫోర్నియా వాళ్ళవి కూడా కావు. అవి టెక్సాస్‌లోని డాలస్ నుంచి వచ్చిన ఫిలా ఫ్రెష్ క్రూ అనే బృందం పాడినవి.

గ్యాంగ్‌స్టా ర్యాప్‌కి దారి వేసిన ఈ బృందం మొదటి రెండేళ్ళలో ఎవరు ఏం చేశారో పాట పాటకీ ఒక పట్టిక తయారు చేయడం కష్టమేమీ కాదు. ఓపిక ఉంటే చాలు, ఇంట్లో కూర్చునే చేయొచ్చు. చెవులు మూసే రకం హెడ్‌ఫోన్లు, చిన్న టార్చి, ఫోన్ కెమెరా, కంప్యూటర్‌లో ఒక ఖాళీ పట్టిక దగ్గర పెట్టుకోండి. అసలు రికార్డులు కొనలేకపోతే లేబుళ్ళ స్పష్టమైన ఫొటోలతో పని నడుస్తుంది. పాటకి గంట, గంటన్నర చొప్పున సమయం కేటాయించండి.

1. ముందు హద్దు గీయండి

1987, 1988 రెండేళ్ళతో ఆపండి. ఈ వరసలో ఐదు రికార్డులు చాలు: 'ప్యానిక్ జోన్' పన్నెండంగుళాల సింగిల్ (1987, ఇందులోనే '8 బాల్', 'డోప్ మ్యాన్' ఉన్నాయి), 'ఎన్.డబ్ల్యు.ఎ. అండ్ ద పాసీ' (1987), జె.జె. ఫ్యాడ్ వారి 'సూపర్‌సోనిక్' (1988), ఈజీ-ఇ 'ఈజీ-డజ్-ఇట్' (1988), ఆపైన 'స్ట్రెయిట్ ఔటా కాంప్టన్'. చివరిదాని విడుదల తేదీ కొన్నిచోట్ల ఆగస్టు 1988 అనీ, కొన్నిచోట్ల జనవరి 1989 అనీ కనిపిస్తుంది. రెండూ రాసుకోండి. ఒక్కటే పట్టుకుంటే ఎవరు ఎప్పుడు బృందాన్ని వదిలారన్న లెక్క తలకిందులవుతుంది.

2. సరైన అచ్చు చేతిలో ఉందో లేదో చూడండి

పనంతా ఎక్కువగా చెడేది ఇక్కడే. 1987లో 'పాసీ' రికార్డును మకోలా అచ్చు వేసింది. డాన్ మాక్‌మిలన్ హాలీవుడ్‌లో నడిపిన ఈ సంస్థకి లాస్ ఏంజెలస్ కుర్రాళ్ళు టేపు పట్టుకెళ్తే రికార్డులు కొట్టి, దుకాణాలకి పంపిణీ కూడా చేసేది. తరవాత 1989లో రూత్‌లెస్, ప్రయారిటీ అనే రికార్డు కంపెనీల పేర్లతో అదే ఎల్పీ మళ్ళీ వచ్చింది, కానీ పాటల జాబితా మారింది. ఈరోజు ఫోన్‌లో వినిపించేది మొదటి అచ్చే అనుకుని పట్టిక నింపితే కొందరి పాట మొత్తం జారిపోతుంది.

అట్టని నమ్మకండి, పాత రికార్డులకి అట్టలు మారిపోతుంటాయి. మధ్యనున్న కాగితం లేబుల్ మీద కంపెనీ పేరు, రికార్డు నంబరు చూడండి. గుండ్రంలో 'పి' అక్షరం పక్కనున్న ఏడాది ఆ ధ్వనిముద్రణ మొదట ప్రచురించిన ఏడాది. మళ్ళీ అచ్చు వేసినా అది మారకపోవచ్చు. కాబట్టి 1987 అని కనబడినంత మాత్రాన అది 1987 అచ్చు అని తేల్చేయకండి.

పాట అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి వలయంలో గీసిన అక్షరాలుంటాయి. టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు రికార్డుకి ఆనించినట్టు పట్టండి. గీతల నీడ పడి అక్షరం తేలుతుంది. కొట్టేసిన అంకెలు, చుక్కలు, గీతలతో సహా ఉన్నది ఉన్నట్టు రాయండి. 'ఇది పొరపాటున పడిందిలే' అని మీరు వదిలేసే గీతే రెండు అచ్చుల మధ్య తేడా కావచ్చు. అట్ట మీద బొమ్మ మసకగా ఉండి, వలయంలోని అక్షరాలు తెలిసిన అచ్చులతో పొసగకపోతే అది దొంగ అచ్చు అని అనుమానించి పక్కన పెట్టండి.

3. నాలుగు గడులు వేరు చేయండి

పట్టికలో ప్రతి పాటకీ నాలుగు గడులు: గొంతు, రాత, బీటు, బొమ్మ. నాలుగింటినీ కలిపి 'బృంద సభ్యుడు' అన్న ఒక్క మాటలో పోయడం వల్లే ఇంతమంది మరుగున పడ్డారు.

'బాయ్జ్-ఎన్-ద-హుడ్' తీసుకోండి. గొంతు ఈజీ-ఇది. రాసింది ఐస్ క్యూబ్. బీటు డాక్టర్ డ్రేది. మొదట దీన్ని న్యూయార్క్ నుంచి వచ్చిన హెచ్.బి.ఒ. అనే బృందం కోసం అనుకున్నారు. వాళ్ళు వద్దనడంతో ఈజీ-ఇ మైకు ముందు నిలబడ్డాడు. '8 బాల్' ఎన్.డబ్ల్యు.ఎ. పేరుతోనే వచ్చినా వినిపించేది ఈజీ-ఇ గొంతు, మాటలు క్యూబ్‌వి. తెలుగు సినిమా రచనలో 'ఘోస్టు' అన్న మాట ఎరిగిన వాళ్ళకి ఇది వింతేమీ కాదు. పేరొకరిది, కలమొకరిది.

'బొమ్మ' గడి అట్ట ఫొటో కోసం. పాసీ అంటే వెంట తిరిగే గుంపు. ఆ అట్ట మీద నిలబడ్డ అందరూ పాడలేదు, పాడిన అందరూ అక్కడ నిలబడలేదు. ఫొటోలో ఉండటాన్ని పాటలో పాత్రకి సాక్ష్యంగా వాడకండి. పాడినవాడు ఫొటోలో లేకపోతే పేరు కొట్టేయకండి.

4. కాగితానికి ముందు చెవి

లేబుల్ చదవకముందే పాట వినండి. పేరు చూశాక వింటే చెవి ఆ పేరునే వెతుకుతుంది. రికార్డు మీద వింటుంటే ముందు వేగం సరిచూడండి. పన్నెండంగుళాల సింగిల్ నిమిషానికి 45 చుట్లు తిరగాల్సినదైనా, 33 చుట్లు తిరగాల్సినదైనా కావచ్చు. వేగం కొంచెం తేడా వచ్చినా గొంతు పోల్చడం పనికిరాదు.

మొదటిసారి మొత్తం వినండి. రెండోసారి చివరి నలభై సెకన్లు మాత్రమే వినండి. అతిథి గొంతులు, వెనక కేకలు, మాటల తునకలు ఎక్కువగా దొరికేది అక్కడే. 'డోప్ మ్యాన్' చివర్లో డోప్ అమ్మేవాణ్ణి నిలదీస్తూ వేరే యాసలో ఒక గొంతు వస్తుంది. అది క్రేజీ డీ అనే ర్యాపర్‌ది. పాటంతా క్యూబ్ నడుపుతాడు కాబట్టి మధ్యలోనే ఆపేసిన వాళ్ళకి ఈ పేరు ఎన్నటికీ దొరకదు. నిమిషం, సెకను రాసుకోండి.

గొంతు పోల్చడానికి నమూనా కావాలి. ఆ నమూనా అదే కాలానిదై ఉండాలి. ఫిలా ఫ్రెష్ క్రూలో డాక్-టి పేరుతో ర్యాప్ చేసినవాడే తరవాత ద డి.ఒ.సి. అయ్యాడు. 'పాసీ'లో ఆ బృందం పాటలు నాలుగు: 'డంక్ ద ఫంక్', 'డ్రింక్ ఇట్ అప్', 'టఫెస్ట్ మ్యాన్ అలైవ్', '3 ద హార్డ్ వే'. వీటిని అతని 1989 ఆల్బమ్ 'నో వన్ కెన్ డూ ఇట్ బెటర్'తో పక్కపక్కన పెట్టి వినండి, మాట విరుపు ఒకటేనని తెలుస్తుంది. 1989 నవంబరు తరవాతి రికార్డింగులు మాత్రం నమూనాగా వాడొద్దు. ఆ నెల జరిగిన కారు ప్రమాదంలో అతని స్వరపేటిక దెబ్బతింది, గొంతు పూర్తిగా మారిపోయింది. 'స్ట్రెయిట్ ఔటా కాంప్టన్'లోని 'పేరెంటల్ డిస్‌క్రిషన్ ఈజ్ అడ్వైజ్డ్'లో వినిపించేది ప్రమాదానికి ముందరి గొంతే, అది మంచి నమూనా. ఆ గొంతు పోయాక కూడా అతను డాక్టర్ డ్రే 'ద క్రానిక్'కి రాశాడన్నది మరిచిపోకూడని సంగతి.

ఇంకో చిక్కు: '8 బాల్', 'డోప్ మ్యాన్' రెండూ 'స్ట్రెయిట్ ఔటా కాంప్టన్'లో రీమిక్సులుగా మళ్ళీ వచ్చాయి. రీమిక్స్ విని 1987 వరసలో రాస్తే పట్టిక మొత్తం తప్పుతుంది. ప్రతి వరస మొదట్లో పాట పేరుతో పాటు రికార్డు పేరు, ఏడాది తప్పకుండా ఉండాలి.

5. బీటుని బట్టి మనిషిని తేల్చేయకండి

'ప్యానిక్ జోన్', 'సమ్‌థింగ్ 2 డాన్స్ 2' రెండూ అప్పటి లాస్ ఏంజెలస్ ఎలక్ట్రో చప్పుడు. డ్రమ్ మెషీన్, యంత్రం మాట్లాడినట్టుండే గొంతు, పరుగెత్తే లయ. అరేబియన్ ప్రిన్స్ చేతివాటం అదే. అయితే డ్రే, యెల్లా కూడా అంతకుముందు అలాంజో విలియమ్స్ నడిపిన వరల్డ్ క్లాస్ రెకిన్ క్రూలో అదే రకం పాటలు చేసి వచ్చినవాళ్ళు. కాబట్టి ఎలక్ట్రో అనిపించిన ప్రతిదీ అరేబియన్ ప్రిన్స్ ఖాతాలో వేయడం కూడా అన్యాయమే. బీటు గడిని లేబుల్ మీది 'ప్రొడ్యూస్డ్ బై' వరస చూడకుండా నింపకండి.

6. ముద్దు పేర్లకి అసలు పేర్లు కట్టండి

పాటల హక్కులు నమోదు చేసే రిజిస్టర్లలో వేదిక పేర్లు అన్నిసార్లూ దొరకవు. ఈజీ-ఇ అసలు పేరు ఎరిక్ రైట్, డ్రే పేరు ఆండ్రే యంగ్, క్యూబ్ పేరు ఓషే జాక్సన్, రెన్ పేరు లొరెంజో ప్యాటర్సన్, యెల్లా పేరు ఆంట్వాన్ కరాబీ, డి.ఒ.సి. పేరు ట్రేసీ కర్రీ. అరేబియన్ ప్రిన్స్ పేరు కిమ్ నజెల్, కానీ మిక్ లెజాన్ అన్న పేరూ తగులుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కిమ్, నజెల్ రెంటినీ విడివిడిగా వెనక నుంచి చదివితే వచ్చేది అదే. ఇద్దరనుకుని రెండు వరసలు వేయకండి. వెతికేటప్పుడు ఇంటి పేరు ముందు పెట్టండి. రికార్డు మీదున్న అక్షరక్రమం తప్పుగా అనిపించినా అలాగే ఒకసారి వెతకండి.

7. రిజిస్టర్లు తిరగేయండి

అమెరికా కాపీరైట్ ఆఫీసు సూచికలో 1978 నుంచి నమోదైనవి ఇంటర్నెట్‌లోనే ఉచితంగా చూడొచ్చు. 'పి.ఎ.'తో మొదలయ్యే సంఖ్య మాటలూ బాణీలకి, 'ఎస్.ఆర్.'తో మొదలయ్యేది ఎక్కువగా ధ్వనిముద్రణకి. మీ 'రాత' గడికి ముందు పి.ఎ. చూడండి. ఎస్.ఆర్.లో కంపెనీ పేరు ఒక్కటే కనిపించి మనుషులు మాయమవచ్చు.

తరవాత రచయితల హక్కుల సంఘాలు ఆస్కాప్, బి.ఎమ్.ఐ.ల సూచికలు చూడండి. వాటిలో వాటాల శాతాలు కనబడితే వాటిని పనికి కొలతగా తీసుకోకండి. అది డబ్బు పంపకం మీద కుదిరిన ఒప్పందం. సగం పాట రాసినవాడికి పది శాతం రావచ్చు, ఏమీ రాయనివాడికి ముప్పై రావచ్చు. ఒకే పేరున్న పాటలు కుప్పలుగా ఉంటాయి, '8 బాల్' వాటిలో ఒకటి. పేరు, రచయిత, ఏడాది మూడూ కలిస్తేనే ఎక్కించుకోండి.

8. పక్క రికార్డులు వదలకండి

జె.జె. ఫ్యాడ్ ఆడపిల్లల బృందం. వాళ్ళ 'సూపర్‌సోనిక్' 1987లో డ్రీమ్ టీమ్ అనే వేరే రికార్డు కంపెనీ నుంచి వచ్చింది, అరేబియన్ ప్రిన్స్ చేసిన పాట అది. 1988లో రూత్‌లెస్ దాన్ని మళ్ళీ విడుదల చేసింది. తొలిసారి ర్యాప్‌కి గ్రామీ ఇచ్చిన 1989లో నామినేషన్ అందుకున్న ఐదింటిలో ఇదొకటి. 2006లో ఫెర్గీ 'ఫెర్గలిషియస్', 2013లో ఎమినెమ్ 'ర్యాప్ గాడ్' దీని నుంచే తీసుకున్నాయి. రూత్‌లెస్ తొలి పెద్ద విజయాల్లో ఒకటి ఈ ముగ్గురు అమ్మాయిలది. సినిమాలో వాళ్ళకి చోటు లేదు. ఎన్.డబ్ల్యు.ఎ. పేరు లేదు కదా అని ఈ రికార్డు పక్కన పెడితే అరేబియన్ ప్రిన్స్ పనిలో పెద్ద భాగం పోతుంది.

నాలుగు గడుల్లోనూ ఇమడని వాళ్ళకి 'సాయం' అని ఐదో గడి వేయండి. టొరాన్స్‌లోని ఆడియో అచీవ్‌మెంట్స్ స్టూడియోలో రికార్డింగు చూసుకున్న డోనోవన్ స్మిత్, రోడియం సంతలో రికార్డులమ్ముతూ ఈజీ-ఇని డ్రేతో కలిపిన స్టీవ్ యానో, కె.డే రేడియోలో ర్యాప్‌కి చోటిచ్చిన గ్రెగ్ మాక్ ఇక్కడికి వస్తారు.

9. ప్రతి గడికీ మార్కు వేయండి

'ఖాయం', 'బలం', 'మాట' అని మూడే మార్కులు. లేబుల్ లేదా రిజిస్టర్‌తో పాటు చెవి కూడా ఒప్పుకుంటే ఖాయం. రెంటిలో ఒక్కటే ఉంటే బలం. ఏళ్ళ తరవాత ఇంటర్వ్యూలో చెప్పింది మాత్రమే ఉంటే మాట. 'ప్యానిక్ జోన్' మొదట 'హిస్పానిక్ జోన్'గా మొదలైందన్న కథ 'మాట' గడిలోకి వెళ్తుంది. ఆ పాట రాతలో క్రేజీ డీ పేరు లేబుల్ మీద మీ కంటికి కనబడితే అది కనీసం 'బలం'. ఒకే ఇంటర్వ్యూని పది చోట్ల ఎత్తి రాస్తే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే.

10. బయట పెట్టండి

డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ రెండూ ఎవరైనా రికార్డుల వివరాలు చేర్చగల వెబ్‌సైట్లు. డిస్కాగ్స్‌లో రికార్డు మీద అచ్చైన క్రెడిట్లే ఎక్కించాలి. మీ చెవికి తెలిసింది అక్కడ క్రెడిట్‌గా రాస్తే తీసేస్తారు. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో మనిషిని పాటకి ముడివేసి, మార్పు కింద ఆధారం రాసే వీలుంది. లేబుల్ ఫొటో వివరం, నిమిషం, సెకను అక్కడ పెట్టండి. వికీపీడియాలో, తెలుగు వికీలో అయినా సరే, అచ్చైన ఆధారం లేనిది నిలవదు. 'మాట' మార్కున్న గడులు అక్కడికి తీసుకెళ్ళకండి. రిజిస్టర్లలో చిరునామాలు కనబడితే వాటిని ఎక్కడా ఎత్తి రాయకండి.

పంపేముందు ఒక వరస ఇలా ఉందో లేదో సరిచూసుకోండి: 'డోప్ మ్యాన్', ప్యానిక్ జోన్ సింగిల్, మకోలా, 1987. గొంతు: ఐస్ క్యూబ్, చివర్లో క్రేజీ డీ (నిమిషం, సెకను). రాత: లేబుల్ మీద ఉన్నట్టు, పి.ఎ. సంఖ్య. బీటు: లేబుల్ మీద ఉన్నట్టు. బొమ్మ: వర్తించదు. మార్కు ప్రతి గడికీ విడిగా. ఫొటో ఫైలుకి రికార్డు నంబరు, వైపు, తేదీ కలిపి పేరు పెట్టండి. ఆరు నెలల తరవాత ఎవరైనా ఆ మార్పుని కాదంటే ముందుగా అడిగేది ఆ ఫొటోనే.