నోరు తెరిచి పాడాకే గుండె తేలికైంది

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చేశాక, కూలిన జీడిచెట్ల మధ్య నిలబడితే ప్రార్థనకి మాటలే వచ్చేవి కావు. వజ్రపుకొత్తూరు వైపు ఎవరిని పలకరించినా అదే దిగులు. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది కదా.

నాకు దారి చూపింది బైబిల్లోని 42వ కీర్తన. గుడిలో పాడే కోరహు కుమారుల పాట అది. ఎందుకింత కుంగిపోయావని పాడేవాడు తన ప్రాణాన్నే అడుగుతాడు. ఆ ప్రశ్న 42లో రెండుసార్లు, 43లో మరోసారి వస్తుంది. ఒక్కసారి పాడితే దిగులు పోదని ఆ పాడినవాళ్లకీ తెలుసన్నమాట. అదే నాకు పెద్ద ధైర్యం.

ఫోన్లో పాటలు పెట్టుకోవడం మానేసి, నేనే పాడటం మొదలుపెట్టాను. వింటుంటే మనసు మళ్లీ అప్పుల లెక్కల్లోకి జారిపోయేది. పాడుతుంటే చరణం గుర్తు తెచ్చుకోవాలి, ఊపిరి అందుకోవాలి, ఇక టెన్షన్‌కి చోటేది? శ్రుతి బాగా కిందికి పెట్టుకోండి, ఏడుపు గొంతుకీ అందేలా. పల్లవిని నిదానంగా సాగదీస్తే ఊపిరి నెమ్మదిగా వదులుతాం, గుండెదడ తగ్గుతుంది. ఏడుపొస్తే ఆగి, మళ్లీ అదే పాదం దగ్గర ఎత్తుకోవాలి.

ఒంటరిగా కుదరని రోజు మా పిన్ని వచ్చేది. తాళాలు వాయిస్తూ ఆవిడ ఎత్తుకుంటే నేను వెనక అందుకునేదాన్ని. బైబిల్లో ఫిలిప్పీ ఊరి చెరసాలలో పడ్డ పౌలు, సీల అనే సువార్తికులు కూడా అర్ధరాత్రి ఇద్దరూ కలిసే పాడారు.

నిద్ర బొత్తిగా పట్టకపోతే, తిండి సహించకపోతే డాక్టరుకీ చెప్పండి. అందుకని పాట మానక్కర్లేదు.