బోరు నీళ్లలో ఏం కరిగి ఉందో ఇంట్లోనే కనిపెట్టడం ఎలా

తిరుపతిలో కొత్తగా బోరు వేసిన ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న "టీడీఎస్ ఎంత?" పెన్నులాంటి మీటరు ముంచి, 600 అనో 900 అనో చూసి టెన్షన్ పడతారు. ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో అంతే. ఆ విలువను మామూలుగా 0.5 నుంచి 0.7 లోపు ఏదో ఒక సంఖ్యతో హెచ్చించి మనకు చూపిస్తుంది. లీటరు నీళ్లలో మొత్తం ఎంత కరిగిందో (టీడీఎస్ అంటే అదే) దాంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఏది కరిగిందో మాత్రం తెలియదు. ఒంటికి మంచో చెడో తేల్చేది ఆ రెండో సంగతే.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. పుట్టింది శ్రీకాళహస్తిలో, కలంకారీ పని చేసే ఇంట్లో. ఇనుము, పటిక, సున్నం నీళ్లలో ఎలా నడుచుకుంటాయో పాఠంలో చదవకముందే మా నాయన కుండల్లో చూశాను. వంటింట్లో ఉన్న వస్తువులతో నీళ్లను ఎంతవరకు చదవవచ్చో, ఎక్కడ ఆగి ల్యాబ్‌కు పంపాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ కింద ఉన్న రాయి ఏమిటో తెలుసుకోండి. తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైటు, అంటే దాదాపు అంతా ఇసుక ఖనిజమైన క్వార్ట్జే. మామూలు వేడిలో క్వార్ట్జ్ లీటరు నీటికి సుమారు పది మిల్లీగ్రాములే కరుగుతుంది. అందుకే వానలప్పుడు కపిలతీర్థంలో దూకే నీళ్లలో సబ్బు ఇట్టే నురగెత్తుతుంది. ఆ నీరు రాయి మీదుగా పారింది కానీ రాయి నుంచి తెచ్చుకున్నది తక్కువ. కొండ దిగితే రాయి మారిపోతుంది. చంద్రగిరి నుంచి చిత్తూరు, పలమనేరు, కుప్పం దాకా ఎక్కువగా గ్రానైటు, నైస్ (గ్రానైటు లాంటిదే, చారలుండే రాయి) రాళ్లు. ఈ రెండు రకాల రాయి ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోటు తిరుమల ఘాట్ రోడ్డులోనే కనిపిస్తుంది. ఆ రెంటి వయసుకూ మధ్య పదుల కోట్ల ఏళ్ల తేడా ఉంది. బస్సు కిటికీలోంచి అయినా ఒకసారి చూడవలసిన చోటు.

గ్రానైటు గట్టి రాయే, కానీ అందులోని ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం అనే ఖనిజాలు నీటికి మెల్లగా లొంగుతాయి. వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. దాని పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత, 7 కంటే తగ్గితే పులుపు) 5.6 దగ్గర ఉంటుంది. మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మట్టిలోంచి దిగేటప్పుడు నీటి పులుపు ఇంకా పెరుగుతుంది. ఆ పులుపే ఫెల్డ్‌స్పార్‌ను తినేసి తెల్లటి బంకమట్టిగా మార్చి, సోడియం, కాల్షియం, సిలికా, బైకార్బొనేట్‌లను నీళ్లలోకి వదులుతుంది. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. వెయ్యి అడుగుల బోరులోంచి వచ్చే నీళ్లు ఊరిబావి నీళ్లలా ఉండకపోవడానికి ఇదో పెద్ద కారణం.

ఇక నమూనా పట్టడం. మోటారు పది నిమిషాలు నడిచాక పట్టండి. పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లు పైపు కథ చెప్తాయి, బోరు కథ కాదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వద్దు. శుభ్రమైన రెండు సీసాలను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, ఒకదాన్ని అంచు దాకా నింపి, లోపల గాలి బుడగ లేకుండా మూత బిగించండి. రెండోదాన్ని సగమే నింపి, మూత తీసి గట్టు మీద పెట్టండి. భూమి లోపలి నీటికి, గాలి తగిలిన నీటికి ఎంత తేడా ఉందో ఈ రెండు సీసాలే చూపిస్తాయి.

తెరిచిన సీసా కొన్ని గంటల్లో పసుపు తిరిగి, అడుగున తుప్పు రంగు మడ్డి దిగితే ఆ నీళ్లలో ఇనుము కరిగి ఉందన్నమాట. లోతులో ఆక్సిజన్ ఉండదు కాబట్టి ఇనుము కరిగిన రూపంలో, రంగు లేకుండా ఉంటుంది. గాలి తగలగానే కరగని రూపానికి మారి కిందికి దిగుతుంది. పట్టినప్పుడే ఎర్రగా ఉంటే అది పైపుల తుప్పు కావచ్చు. ఇలాంటి నీళ్లకు ఖరీదైన మిషన్ అవసరం పడకపోవచ్చు. ట్యాంకులోకి పై నుంచి జల్లులా పడేట్టు చేసి, ఒక రాత్రి తేరనిచ్చి, ఇసుక ఫిల్టరులో వడకడితే చాలామటుకు పోతుంది.

అనుమానంగా ఉంటే కరక్కాయ వాడండి. మా నాయన నల్ల రంగు కోసం తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి ఊరబెట్టేవారు. బెల్లం పులిసి, ఆ పులుపుకు ఇనుము కరుగుతుంది. ఆ నీటితో కలం పెట్టి, కరక్కాయ పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద గీస్తే గీత కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. ఇంట్లో చేయడం సులువు. కరక్కాయ పెచ్చులు వాన నీటిలోనో ఆర్‌ఓ నీటిలోనో నానబెట్టి వడకట్టండి. తెల్లటి పింగాణీ కప్పులో బోరు నీళ్లు పోసి ఆ కషాయం ఒక చెంచా కలపండి. పక్కనే ఆర్‌ఓ నీళ్ల కప్పులో కూడా అంతే కలపండి. బోరు నీళ్లు నీలి నలుపుకో బూడిద రంగుకో తిరిగితే ఇనుము ఉంది. గోధుమ రంగు కొంచెం ముదిరితే అది ఇనుము కాదు, నీటిలోని క్షారం. ఈ రెండు రంగులనూ కలగాపులగం చేసుకోకండి.

తరువాత ఒక గిన్నెలో నీళ్లు పది నిమిషాలు మరగనివ్వండి. తెల్లటి తెట్టు, అడుగున పొడి కనిపిస్తే కాల్షియం బైకార్బొనేట్ ఉన్నట్టు. మరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, దాన్ని పట్టుకుని కరిగి ఉన్న సున్నపురాయి మళ్లీ రాయిగా బయటపడుతుంది. గీజరు కాయిల్ మీద పేరుకునేది ఇదే. దాని మీద నిమ్మరసం పోస్తే బుసబుసమని పొంగుతుంది. నిమ్మకు పొంగక, గాజుపెచ్చులా అతుక్కుని ఉంటే అందులో సిలికా పాలు ఎక్కువ ఉండవచ్చు. దాన్ని నిమ్మ, వెనిగర్ కదిలించలేవు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మన ఊళ్లలో నీళ్లకు పెట్టే పరీక్ష పప్పు. "ఆ బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు" అంటే చెడ్డ నీళ్లు, ఇట్టే ఉడికితే మంచి నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పు గింజ గట్టిపడుతుంది, ఆ మాట నిజమే. కానీ పప్పు ఇట్టే ఉడికి మెత్తగా అయిపోయి, సబ్బు బాగా నురగ వచ్చి, నాలుకకు కొంచెం సోడా రుచి తగిలే బోరు నీళ్లే నన్ను ఎక్కువ భయపెడతాయి. వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

కారణం ఇది. గ్రానైటు జాతి రాళ్లలోని నల్ల అభ్రకం, అపటైటు, ఫ్లోరైటు ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. అది చాలా తక్కువ కరుగుతుంది, శుద్ధమైన నీటిలోనే లీటరుకు సుమారు 16 మిల్లీగ్రాములు. కాబట్టి నీళ్లలో కాల్షియం దండిగా ఉన్నంతకాలం ఫ్లోరైడ్ ఒక హద్దు దాటలేదు. మన మెట్ట ప్రాంతంలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. మట్టిలోని నీరు ఆవిరయ్యేటప్పుడు కాల్షియం కార్బొనేట్‌గా గడ్డకట్టి అక్కడే ఉండిపోతుంది. దుక్కి దున్నేటప్పుడు తేలే తెల్లటి సున్నపు గడ్డలు అవే. కాల్షియం అలా తప్పుకున్నాక మిగిలేది సోడియం బైకార్బొనేట్ నీరు. కొంచెం క్షారంగా ఉండే ఆ నీటిలో ఫ్లోరైడ్‌ను ఆపేది ఏదీ ఉండదు. రాయి నుంచి వదిలినదంతా నీళ్లలోనే నిలుస్తుంది. దక్షిణ భారతంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి తొలి శాస్త్రీయ నివేదిక వచ్చింది 1937లో, మన పొరుగున ఉన్న అప్పటి నెల్లూరు జిల్లా నుంచే.

మీవి అలాంటి నీళ్లేనా అని అనుమానమొస్తే ఇలా చూడండి. లీటరు నీళ్లు స్టీలు గిన్నెలో మరగబెట్టి పావు లీటరుకు దించండి. చల్లారాక వడకట్టి, తెల్లని పళ్లెంలో కొంచెం పోసి చిటికెడు పసుపు కలపండి. స్పష్టంగా ఎర్రబారితే అందులో సోడియం బైకార్బొనేట్ బాగా ఉందని అర్థం. మరగడంతో అది కార్బొనేట్‌గా మారి, నీరు క్షారమై పసుపును ఎర్రగా చేసింది. ఇది ఫ్లోరైడ్ పరీక్ష కాదు, ఫ్లోరైడ్ పరీక్షకు పంపమని చెప్పే గుర్తు. పసుపు మారకపోయినా ఒక్కసారైనా ఫ్లోరైడ్ పరీక్ష చేయించాల్సిందే. దానికి రంగు, వాసన ఉండవు. టీడీఎస్ 600 చూపించే నీటిలో ఫ్లోరైడ్ ఒకటి ఉన్నా మూడు ఉన్నా మీటరుకు తేడా తెలియదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా. కాచి తాగితే పోతుందనుకోవద్దు. నీరు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ తీసేస్తుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి తేరబెడతారు. పటిక మోతాదు ఆ నీటి ఫ్లోరైడ్, క్షారం చూసి లెక్కగట్టాలి కాబట్టి ఇంట్లో ఉజ్జాయింపుగా వేయకండి.

గిన్నెల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బోరులో లేని లోహం వంటింట్లో చేరవచ్చు. పుల్లటి నీరు లోహాన్ని కరిగిస్తుంది, సున్నపు నీరు లోపల పలుచని పొర వేసి కొంత అడ్డుకుంటుంది. రాగి చెంబులో మామూలు నీళ్లు రాత్రి ఉంచడం వేరు, నిమ్మరసమో మజ్జిగో ఉంచడం వేరు. చింతపండుతో తోమితే ఇత్తడి మెరిసేది పై పొర కరిగిపోవడం వల్లే. అదే చింతపండు పులుసు కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాస్తే రాగి, జింకు పులుసులోకి దిగుతాయి. తగరంతో కళాయి పూయించడం అందుకే. పూత అరిగి పసుపు లోహం కనిపిస్తే ఆ గిన్నెను పులుపుకు వాడకండి. ఇంట్లో పాత ఇత్తడి కొళాయిలు ఉంటే పొద్దున మొదటి నీళ్లు కుండీలకు పోయండి. ఇత్తడిలో సీసం కలిసి ఉండవచ్చు, సీసానికి ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రామే.

కుప్పం వైపు గుడుపల్లె మండలంలో పాత బంగారు గనులున్నాయి. నీళ్లలో బంగారం ఉంటుందా అని పిల్లలు అడుగుతుంటారు. బంగారం మామూలు నీటికి కరగదు. బంగారు ఖనిజంతో పాటు తరచుగా ఉండే పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మాత్రం గాలి, నీరు తగిలితే గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం పక్కనున్న ఇతర లోహాలను కరిగిస్తుంది. అందుకే ఏ గని దగ్గరి బోరుకైనా లోహాల పరీక్ష విడిగా అడిగి చేయించాలి.

ల్యాబ్‌కు పంపేటప్పుడు ప్లాస్టిక్ సీసా వాడండి, ఫ్లోరైడ్‌కు అదే మేలు. పీహెచ్, క్షారత, మొత్తం కాఠిన్యం, కాల్షియం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము అని రాసి అడగండి. పీహెచ్‌ను వీలైతే బోరు దగ్గరే చూడండి, దారిలో కార్బన్ డయాక్సైడ్ పోయి అది పెరుగుతుంది. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే తప్పు రాయిది కాదు, ఎరువులదో మరుగుగుంటదో. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద ఫీల్డ్ కిట్లు ఇచ్చి ఆడవాళ్లకు శిక్షణ కూడా ఇచ్చారు. మీ పంచాయతీలో కిట్ ఎవరి దగ్గరుందో ముందు కనుక్కోండి. జిల్లా గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు తరువాత వెళ్లవచ్చు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, మే నెలలో ఒకటి, ఈశాన్య వానలు తగ్గాక డిసెంబరు చివర ఒకటి చేయించండి. నోటుబుక్కులో తేదీ, బోరు నీటి మట్టం పక్కపక్కనే రాయండి. మట్టం దిగిన కొద్దీ ఏ అంకె పెరుగుతోందో చూస్తే ఆర్‌ఓ కొనాలా, ఇంటి మీద పడే వాన నీటిని బోరు పక్క గుంతలోకి మళ్లించాలా అన్నది తేల్చుకోవచ్చు.