పెద్ద టీవీ వచ్చింది, బొమ్మ బాగాలేదు: సమస్య - పరిష్కారం

2025 సెప్టెంబరు 22న 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ దసరాకే విజయవాడ పటమటలో మా అమ్మానాన్నల ఇంట్లో పాత 32 దింపి 55 అంగుళాల 4కే టీవీ పెట్టించాం. మొదటి సాయంత్రమే నాన్న "పాతదే నయంరా" అన్నారు. ఎంతో ఇష్టంగా కొన్నది, ఆ మాటకి మనసు చివుక్కుమంది. వారం రోజులు కూర్చుని ఒక్కొక్కటీ సరిచేశాను. టీవీలో ఏ లోపమూ లేదు.

బొమ్మ సమస్య ఏదైనా ముందు చేయాల్సింది ఒకటే. టీవీ రిమోట్‌తో టీవీ సొంత సెట్టింగ్స్ మెనూ తెరవండి. అందులో అక్షరాలు చెక్కినట్టు స్పష్టంగా ఉంటే తెర బాగున్నట్టే. తేడా అంతా బొమ్మ వచ్చే దారిలోనో, సెట్టింగ్స్‌లోనో ఉంది.

బొమ్మ అలికినట్టు మసగ్గా ఉంది

ఎస్‌డీ, అంటే పాత మామూలు నాణ్యత ఛానల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. 4కే తెర మీద 3840, 2160. గుణించి చూడండి, సరిగ్గా ఇరవై రెట్లు. ఒక్క చుక్క ఇచ్చి ఇరవై చుక్కల చోటు నింపమంటే టీవీ మిగతాది ఊహించి పూడ్చుకుంటుంది. చిన్న తెర మీద కనపడని మసక ఇక్కడ బయటపడేది అందుకే.

సెట్‌టాప్ బాక్సు వెనక చూడండి. ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల వైరు ఉంటే కారణం దొరికినట్టే. బాక్సు హెచ్‌డీది (ఎక్కువ చుక్కలతో స్పష్టమైన బొమ్మ ఇచ్చేది) అయినా ఆ వైరులో హెచ్‌డీ బొమ్మ రాదు. మా ఇంట్లో బిగించడానికి వచ్చినతను పాత వైరే తగిలించి వెళ్లాడు. గవర్నరుపేటలో హెచ్‌డీఎంఐ కేబుల్ (హెచ్‌డీ బొమ్మ, శబ్దం ఒకే వైరులో తెచ్చేది) కొనుక్కొచ్చి పెట్టాను. అయినా పెద్ద తేడా రాలేదు, ఎందుకంటే బాక్సు సెట్టింగ్స్‌లో వీడియో అవుట్‌పుట్ 576 దగ్గరే ఉంది. దాన్ని 1080కి మార్చాకే నాన్న మొహం విప్పారింది. మీ బాక్సే ఎస్‌డీదైతే మాత్రం బాక్సు మార్చక తప్పదు.

ఇంకొకటి, చాలామంది దీన్ని గమనించరు. ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు ఛానళ్లకు హెచ్‌డీ ఉంది, కానీ దాని నంబరు వేరు. హెచ్‌డీ ప్యాక్‌కి డబ్బు కడుతూనే పెద్దవాళ్లు అలవాటైన పాత నంబరే నొక్కుతుంటారు. కొత్త నంబర్లు ఫేవరెట్స్‌లో పెట్టి, ఒకసారి పక్కన కూర్చుని చూపించండి. హెచ్‌డీ లేని ఛానళ్లకు షార్ప్‌నెస్ తగ్గించండి. పెంచితే అంచుల చుట్టూ తెల్ల గీతలొచ్చి ఇంకా పాడవుతుంది. కుర్చీ రెండడుగులు వెనక్కి జరిపినా ఫలితం ఉంటుంది.

మొహాలు అడ్డంగా సాగాయి

మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీది సరస్వతీ అలంకారం టీవీలో చూస్తూ అమ్మ, "అమ్మవారి మొహం ఇంత వెడల్పుగా ఉందేంటి నాయనా?" అంది. 4:3 కొలతలో (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు) వచ్చే బొమ్మను ఇంకా వెడల్పైన 16:9 తెర నిండా లాగితే అలాగే అవుతుంది. టీవీలో పిక్చర్ సైజు 'ఒరిజినల్' లేదా 4:3 పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే బాక్సులోనూ అదే సెట్టింగ్ ఉంటుంది, మార్చండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి.

సినిమా సీరియల్‌లా కనిపిస్తోంది

సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు. టీవీ వాటి మధ్య సొంతంగా ఫ్రేములు తయారుచేసి కలపడం వల్ల కదలిక నున్నగా, అసహజంగా అవుతుంది. శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అనే పేర్లతో ఉంటుంది. ఆపేయండి. క్రికెట్‌కి ఉంచుకోవచ్చు.

మాటలు వినపడవు, మ్యూజిక్ మాత్రం చెవులు పగలగొడుతుంది

నా దృష్టిలో అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది ఇదే. మాట అందకపోతే ఇంట్లో పెద్దవాళ్లు మెల్లగా టీవీ ముందు నుంచి లేచిపోతారు, కారణం చెప్పరు.

పలచటి టీవీల్లో స్పీకర్లు చిన్నవి, సాధారణంగా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. శబ్దం గోడకి కొట్టుకుని వస్తుంది. పైగా ఓటీటీలో 5.1 ఆడియో (చుట్టూ పెట్టే ఆరు స్పీకర్ల కోసం చేసిన శబ్దం) వస్తే సంభాషణలు ఎక్కువగా ఉండేది మధ్య స్పీకరు భాగంలో. రెండు స్పీకర్లలోకి సర్దేటప్పుడు అవి అణిగిపోతాయి. ముందు ఖర్చు లేనివి చేయండి: యాప్‌లో ఆడియో స్టీరియోకి మార్చండి, టీవీలో క్లియర్ వాయిస్ లాంటి మోడ్ ఆన్ చేయండి. చాలకపోతే సౌండ్‌బార్. దాని హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీ వెనక 'ఏఆర్‌సీ' (టీవీ శబ్దాన్ని బయటికి పంపేది) అని రాసి ఉన్న పోర్టుకే పెట్టాలి. వేరే హెచ్‌డీఎంఐ పోర్టుకి పెడితే టీవీ శబ్దం బార్‌లోకి రాదు. నాన్న ఇప్పుడు వాల్యూమ్ 40 నుంచి 18కి వచ్చారు.

సెట్టింగ్స్ మార్చినా మళ్లీ మొదటికొస్తున్నాయి

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎవరో షాపులో ప్రదర్శనకి ఉద్దేశించిన 'స్టోర్' మోడ్ నొక్కి ఉంటారు. 'హోమ్' మోడ్‌కి మార్చండి. రాత్రుళ్లు బొమ్మ తనంతట తనే మసకబారుతుంటే పవర్ సేవింగ్, లైట్ సెన్సార్ ఆపి చూడండి.

ఉరుముల తర్వాత 'నో సిగ్నల్'

వేసవి సాయంత్రం గాలివానల్లో ఇది మామూలే. ప్లగ్గు తీసేసినా, పిడుగు పోటు కేబుల్ వైరు వెంట బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ పోర్టులోకి రావచ్చు. మదర్‌బోర్డు మార్చాలని ఎవరైనా చెబితే ఒప్పుకునే ముందు కేబుల్‌ను రెండో పోర్టుకి పెట్టండి. బొమ్మ వస్తే పోయింది ఆ ఒక్క పోర్టే. ఇకనుంచి మబ్బు పట్టగానే ప్లగ్గుతో పాటు బాక్సుకి వచ్చే కేబుల్ వైరు కూడా ఊడదీయండి. ఉరుములు మొదలయ్యాక మాత్రం వాటి జోలికి వెళ్లకండి.

నిలువు గీత

మళ్లీ మెనూ తెరవండి. గీత మెనూ వెనక ఆగిపోతే అది బాక్సు నుంచో ఛానల్ నుంచో వస్తోంది. మెనూ మీదుగా కూడా గీత పోతుంటే అది ప్యానెల్ లోపం, ఇంట్లో బాగయ్యేది కాదు. వెంటనే ఫొటో, వీడియో తీసి, బిల్లు దగ్గర పెట్టుకుని వారంటీ కింద కంప్లయింట్ రాయించండి. అట్టపెట్టె, థర్మకోల్ అప్పటిదాకా పారేయకండి. సర్వీసుకి తీసుకెళ్లాల్సి వస్తే టీవీని ఆటోలో పడుకోబెట్టకుండా, అందులో నిలువుగా నిలబెట్టే తీసుకెళ్లండి.