సరిహద్దు జిల్లాల హైస్కూళ్లకు క్విజ్ లీగ్: నిర్వహించే విధానం

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల పిల్లల్లో కొందరు తెలుగు మాధ్యమంలో చదువుతుంటే, మరికొందరు ఒడియా లేదా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకుని ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడతారు. వీరికి బడిలో దొరికే క్విజ్ సాధారణంగా ఏడాదికి ఒక్కసారి, ఏదో ఒక జెండా పండుగనాడు, ఒక పూటలో ముగిసిపోతుంది. మొదటి రౌండులో ఓడిన జట్టుకు ఆ ఏటికి అదే ఆఖరు. లీగ్ పద్ధతిలో ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నిటితోనూ ఆడుతుంది కాబట్టి, ఓడిన జట్టు వచ్చే మ్యాచ్ కోసం చదువుతుంది. ఈ ప్రాంతంలో అలాంటి లీగ్ పెట్టదలచిన ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు పనికి వస్తుందని నాకు తెలిసిన పద్ధతిని రాస్తున్నాను.

ఆట స్వరూపాన్ని అమెరికా హైస్కూళ్లలో ఆడే క్విజ్ బౌల్ నుంచి తీసుకోవడం మంచిది. అక్కడ 1953లో రేడియోలో మొదలైన కాలేజ్ బౌల్ ఈ తరహా పోటీలకు మూలం. రెండు జట్లు, జట్టుకు నలుగురు, మ్యాచ్‌కు ఇరవై బజర్ ప్రశ్నలు. ప్రశ్న చదువుతుండగానే, తెలిసినవారు మధ్యలో బజర్ నొక్కి జవాబు చెప్పవచ్చు. అప్పుడు పక్కవారిని సంప్రదించకూడదు. జవాబు సరైనదైతే 10 పాయింట్లు వస్తాయి, ఆపైన ఆ జట్టుకే ఒకే అంశం మీద మూడు ప్రశ్నల బోనస్ దక్కుతుంది. బోనస్‌లో ఒక్కో జవాబుకు 10 పాయింట్లు. ఇక్కడ నలుగురూ మాట్లాడుకోవచ్చు గానీ కెప్టెన్ చెప్పినదే జవాబుగా తీసుకోవాలి. బజర్ ప్రశ్నకు తప్పు చెప్పిన జట్టు ఆ ప్రశ్న నుంచి తప్పుకోవాలి, మిగిలిన భాగమంతా ఎదుటి జట్టు పూర్తిగా వింటుంది. అమెరికా పోటీల్లో మధ్యలో నొక్కి తప్పు చెప్పినందుకు 5 పాయింట్లు తగ్గించే నియమం కూడా ఉంది. మొదటి ఏడాది దానిని పెట్టవద్దని నా సలహా. పాయింట్లు పోతాయంటే, జవాబు తెలిసిన పిల్ల కూడా చేయి ముందుకు చాపదు.

మొదటి ఏడాదికి ఆరు జట్లు చాలు. ఆరు జట్లు ఒకదానితో ఒకటి ఆడితే పదిహేను మ్యాచ్‌లు అవుతాయి. మూడు గదుల్లో ఒకేసారి ఆడిస్తే ఐదు రౌండ్లలో ముగుస్తాయి. ఒక రౌండులో మూడు గదులకూ ఒకే ప్రశ్నపత్రం కాబట్టి ఐదు ప్రశ్నపత్రాలు, అంటే వంద బజర్ ప్రశ్నలు, వంద బోనస్‌లు కావాలి. బోనస్‌కు మూడేసి చొప్పున అవి మూడు వందల ప్రశ్నలు. లీగ్‌లో అసలు శ్రమ ఇదే కనుక పోటీ తేదీల కంటే ముందు ప్రశ్నలు రాసేవారిని కుదుర్చుకోవాలి. ఐదు రౌండ్లను జూలైకి, డిసెంబరుకు మధ్య రెండు మూడు ఆదివారాలకు పంచితే దసరా సెలవులకూ మెట్రిక్ పరీక్షలకూ అడ్డు రాదు. ప్రయాణం విషయంలో రైలు మార్గాన్ని ఆసరా చేసుకోవాలి. గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి ఒకే లైను మీద ఉన్నాయి. ఛత్రపురం, బరంపురం, ఇచ్ఛాపురం మరో లైను మీద ఉన్నాయి. ఆంధ్ర వైపు బడులను కలుపుకోవడానికి వెనుకాడవలసిన పని లేదు.

ఇక ప్రశ్నల సంగతి. క్విజ్ బౌల్ ప్రశ్న పిరమిడ్ ఆకారంలో ఉంటుంది: బాగా చదివినవారికే తెలిసే ఆధారం ముందు, అందరికీ తెలిసినది చివర. వేలి వేగం కాక చదువు గెలవాలన్నదే దీని ఉద్దేశం. అయితే ఇంగ్లీషు ప్రశ్నను ఉన్నదున్నట్టు తెలుగులోకి తెస్తే ఈ ఉద్దేశమే చెడిపోతుంది, ఎందుకంటే తెలుగు వాక్యంలో విశేషణాలన్నీ ముందు వచ్చి, అడుగుతున్న వస్తువు పేరు చిట్టచివర వస్తుంది. ఈ ప్రశ్న చూడండి: “కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలిసేదీ, గొట్టా బ్యారేజీ గలదీ, గుణుపురం పక్కగా పారేదీ అయిన నది ఏది?” ఇందులో అన్నిటికంటే సులువైన ఆధారం మొదటే వచ్చింది. అడుగుతున్నది నదినా, ఊరినా, రేవునా అన్నది చివరిదాకా తెలియదు. తెలిసిన పిల్ల ఆగిపోతుంది, ధైర్యమున్న పిల్లవాడు ఊహించి నొక్కుతాడు.

దానినే ఇలా తిరగరాయవచ్చు: “ఈ నది నీటి పంపకంపై ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య వచ్చిన వివాదాన్ని ట్రైబ్యునల్ విచారించింది. పర్లాకిమిడి పక్కగా పారే మహేంద్రతనయ దీనిలో కలుస్తుంది. హిరమండలం దగ్గర దీని మీద గొట్టా బ్యారేజీ ఉంది. గుణుపురం, కాశీనగరం దీని ఒడ్డున ఉన్నాయి. పది పాయింట్లకు, కళింగపట్నం వద్ద సముద్రంలో కలిసే ఈ నది పేరు చెప్పండి.” జవాబు వంశధార. ఇక్కడ మొదటి మాట “ఈ నది” కావడంతో అడుగుతున్నదేమిటో వెంటనే తెలిసింది. ఒక్కో వాక్యంలో ఒక్కో ఆధారమే ఉంది. నేను ప్రశ్నలు రాసేవారందరికీ ఇచ్చే నియమాలు ముఖ్యంగా ఈ రెండే: మొదటి మాట “ఈ” తో మొదలుకావాలి, వాక్యానికి ఒక్క ఆధారమే ఉండాలి.

స్థానిక ప్రశ్నలతో మరొక చిక్కు ఉంది. పాఠ్యపుస్తకాన్ని బట్టి చూస్తే కష్టమైన ఆధారం ఆ ఊరి పిల్లలకు రోజూ కనిపించేది కావచ్చు. గుణుపురం జట్టు ఆడుతుంటే ఆ ఊరి పేరు వినగానే నది పేరు చెప్పేస్తుంది. అందుకే పోటీలో ఉన్న ఊళ్ల పేర్లను ప్రశ్న చివరి సగంలోకి నెట్టాలి. గిడుగు రామమూర్తి గురించి అడిగేటప్పుడు సవర భాషకు ఆయన చేసిన వ్యాకరణం, నిఘంటువులతో మొదలుపెట్టి, 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినందున ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయిన సంగతి తరువాత చెప్పి, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవాన్ని చివరికి ఉంచాలి. ఆ తేదీ ముందు వస్తే ఇక మిగిలేది బజర్ పరుగే.

రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు రాసేటప్పుడు ఒక్కో ఆధారాన్నీ రెండు వైపుల నుంచి తూచాలి. ఈ పాఠం నేను నా పొరపాటు వల్ల నేర్చుకున్నాను. ఒక సాధన మ్యాచ్‌లో “ఈ కవికి కవిసమ్రాట్ అనే బిరుదు ఉంది” అని ప్రశ్న మొదలుపెట్టాను. నా మనసులో ఉన్నది ఘుముసర రాజకుటుంబానికి చెందిన ఒడియా కవి ఉపేంద్ర భంజ. మొదటి వాక్యం కాగానే ఒక అమ్మాయి నొక్కి “విశ్వనాథ సత్యనారాయణ” అన్నది. కాదన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు, తల వంచుకుని కూర్చున్నది. నేను అప్పటిదాకా చదివిన వాక్యానికి ఆ జవాబు నూటికి నూరుపాళ్లు సరైనదని ఇంటికి వచ్చాకే తట్టింది. అప్పటి నుంచి నాకో నియమం: అప్పటిదాకా చదివిన ప్రతి ఆధారానికీ సరిపోయే జవాబు ఏదైనా సరే, దానికి పాయింట్లు ఇవ్వాలి, ఆధారం రెండింటికి వర్తిస్తే ఆ ప్రశ్నను మార్చాలి.

జవాబు పక్కన అంగీకరించదగిన రూపాలన్నీ ముందే రాసి ఉంచాలి. బరంపురం అన్నా, బ్రహ్మపుర్ అన్నా, బెర్హంపూర్ అన్నా ఒకటే. పర్లాకిమిడి, పర్లాఖెముండి ఒకటే. విజ్ఞానశాస్త్రంలో ఇది మరీ అవసరం. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట ఒడియా మాధ్యమంలో చదివే పిల్లకు తెలియకపోవచ్చు గనుక, చదివేవారు వెంటనే ఫోటోసింథసిస్ అని కూడా చెప్పాలి, జవాబును మూడు భాషల్లో దేనిలో చెప్పినా తీసుకోవాలి. ఇరవై ప్రశ్నల్లో విజ్ఞానశాస్త్రం, లెక్కలు కలిపి ఐదు, చరిత్ర నాలుగు, సాహిత్యం నాలుగు, భూగోళం మూడు, కళలు రెండు, పురాణేతిహాసాలు రెండు చొప్పున పంచుకోవచ్చు. సాహిత్యంలో తెలుగుకు ఎంత చోటిస్తే ఒడియాకు అంతే ఇవ్వాలి.

బజర్ సెట్టును పిల్లలే తయారుచేసుకోవచ్చు. ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ఒకటి, పుష్ బటన్లు తొమ్మిది, ఎల్ఈడీలు ఎనిమిది, చిన్న బజర్ ఒకటి కావాలి. బోర్డుతో కంప్యూటరు మాట్లాడే 0, 1 పిన్నులను వదిలేస్తే, 2 నుంచి 13 వరకు పన్నెండు, ఏ0 నుంచి ఏ5 వరకు ఆరు, వెరసి పద్దెనిమిది పిన్నులు మిగులుతాయి. ఎనిమిది ఆటగాళ్ల బటన్లకు, ఎనిమిది ఎల్ఈడీలకు, ఒకటి బజర్‌కు, ఒకటి క్విజ్ మాస్టర్ దగ్గరి రీసెట్ బటన్‌కు అవి సరిగ్గా సరిపోతాయి. ప్రతి ఎల్ఈడీకి 220 ఓముల రెసిస్టర్ పెట్టాలి. బటన్లకు బోర్డులోనే ఉన్న పుల్అప్ రెసిస్టర్లను వాడితే వేరే రెసిస్టర్ అక్కరలేదు. మొదట నొక్కినవారి దీపం వెలిగి, రీసెట్ చేసేదాకా మిగిలిన బటన్లు పనిచేయకుండా ప్రోగ్రాం రాయాలి. తీగలను బల్లకు టేపుతో గట్టిగా అతికించకపోతే కాళ్లకు తగిలి ఊడిపోతాయి.

ఒక్కో గదికి చదివేవారు ఒకరు, స్కోరు రాసేవారు ఒకరు ఉండాలి. చదివేవారు ప్రశ్నపత్రాన్ని ముందురోజే బిగ్గరగా రెండుసార్లు చదువుకోవాలి. బజర్ మోగిన క్షణాన ఆ మాట దగ్గరే ఆగి, జవాబుకు మూడు నాలుగు సెకన్లు ఇవ్వాలి. బోనస్‌లో ఒక్కో ప్రశ్నకు ఐదు సెకన్లు చాలు. తీర్పుపై అభ్యంతరం ఉంటే కెప్టెన్ చెప్పాలి. దానిని కాగితం మీద రాసుకుని ఆట కొనసాగించి, గెలుపోటములు మారే అవకాశం ఉంటేనే మ్యాచ్ చివర తేల్చాలి. తన బడి ఆడే గదిలో ఏ ఉపాధ్యాయుడూ చదవకూడదు.

పట్టికలో గెలుపులకే మొదటి స్థానం. గెలుపులు సమానమైతే ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ను, మూడు జట్లు సమానమైతే బోనస్ సగటును చూడాలి. పన్నెండు బోనస్‌లు విని 210 పాయింట్లు తెచ్చిన జట్టు సగటు 17.5, తొమ్మిదే విని 180 తెచ్చిన జట్టు సగటు 20. బోనస్‌లో ఎదుటి జట్టు అడ్డురాదు కనుక, నలుగురి చదువును కొలవడానికి మొత్తం పాయింట్ల కంటే ఇది నమ్మదగినది.

ప్రశ్నపత్రంలో ఏ మాట దగ్గర బజర్ మోగిందో చదివేవారు అక్కడే పెన్సిలుతో చిన్న గీత గీయాలి. రౌండు ముగిశాక మూడు గదుల కాగితాలను పక్కపక్కన పెడితే, మూడింటిలోనూ మొదటి వాక్యంలోనే గీత పడిన ప్రశ్న మరీ సులువైనదని, చివరిదాకా గీత లేనిది కష్టమైనదని తెలుస్తుంది. ఆ గీతలతోనే పత్రాలను నకలు తీసి ఆరు బడులకూ పంపితే, పిల్లలు తరువాతి ఆదివారం దాకా వాటితో సాధన చేస్తారు, ప్రశ్నలు రాసేవారు తరువాతి పత్రాన్ని వాటిని చూసే దిద్దుకుంటారు.