పదో తరగతి పరీక్షలకు ముందు తల్లిదండ్రులు తీసుకోవలసిన జాగ్రత్తలు

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సాధారణంగా మార్చిలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో మొదలవుతాయి. ఉదయం 9.30కి మొదలయ్యే పరీక్ష రాసి పిల్లలు బయటకు వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర దాటుతుంది. పాఠాల సంగతి ఉపాధ్యాయులు చూసుకుంటారు గానీ, ఆ మూడు గంటలు నిలకడగా కూర్చుని రాయగలిగే ఒంటి సత్తువను, నిద్రను, తిండిని సమకూర్చవలసినది ఇంట్లోవాళ్లే. ఈ పని ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముందు చక్కదిద్దవలసినది నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. చదివినది జ్ఞాపకంలో కుదురుకోవడానికి నిద్ర తప్పనిసరి కాబట్టి, టీ మీద టీ ఇచ్చి రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టడం వల్ల పగలు పడిన శ్రమ కూడా కొంత వృథా అవుతుంది. అలవాటైన వేళను ఒక్క రాత్రిలో మార్చలేము కాబట్టి, రోజుకు పావుగంట చొప్పున త్వరగా పడుకునేలా అలవాటు చేస్తూ రావాలి. పరీక్షలకు ముందు వచ్చే రెండు మూడు ఆదివారాలు ఉదయం 9.30కి పాత ప్రశ్నపత్రం ఒకటి ఇచ్చి, మధ్యలో లేవకుండా రాయించి చూడండి. రెండో గంటలో చెయ్యి నొప్పి పుడుతోందా, కళ్లు చికిలించి చదువుతున్నారా, పదకొండింటికే ఆకలి వేస్తోందా అన్నవి అప్పుడే బయటపడతాయి. కళ్లు చికిలించే పిల్లలను వెంటనే కంటి పరీక్షకు తీసుకువెళ్లాలి.

తిండిలో కొత్త ప్రయోగాలు వద్దు. ఇడ్లీయో ఉప్మాయో, రోజూ అరిగేదే పరీక్ష రోజున కూడా పెట్టాలి. ఆ రోజుల్లో బయటి తిండి, రోడ్డు పక్క ఐసు వేసిన రసాలు మానిపించడం మంచిది. మామూలు దాహానికి మంచినీళ్లు, మజ్జిగ చాలు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ ఇంట్లో ఉండాలి. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం పొడి, సగం నీళ్లు అనే లెక్కలు వద్దు. చక్కెర ఎక్కువగా ఉండే పానీయాలు కొన్ని చాలాకాలం ఓఆర్ఎస్ పేరుతోనే దుకాణాల్లో అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తరువాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. అందువల్ల ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉందో లేదో చూసి కొనండి.

పాఠశాలలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రను చాలామంది పిల్లలు కడుపులో తిప్పుతుందని పక్కన పడేస్తారు. రక్తహీనత ఉన్న పిల్లలు త్వరగా అలసిపోతారు, చదువు మీద ధ్యాస నిలపలేరు. ఆ మాత్రను అన్నం తిన్న తరువాత వేయించాలి. వెంటనే టీ ఇవ్వకూడదు, ఎందుకంటే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఆడపిల్లల తల్లులు గమనించవలసిన విషయాలు రెండున్నాయి. పరీక్ష కేంద్రంలో మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందన్న భయంతో చాలామంది ఉదయం నుంచి నీళ్లు ముట్టరు. దానివల్ల తలనొప్పి, మూత్రంలో మంట రావచ్చు. నెలసరి వాయిదా వేసే మాత్రలను వైద్యుల సలహా లేకుండా మందుల దుకాణంలో అడిగి వేయించడం ఎంతమాత్రం తగదు. సంచిలో రెండు ప్యాడ్లు పెట్టి, అవసరమైతే ఇన్విజిలేటర్‌ను అడగడానికి సిగ్గుపడవద్దని ముందే చెప్పి పంపండి.

ఈ కాలంలోనే ఆటలమ్మ కూడా వ్యాపిస్తుంది. పొక్కులు కనిపిస్తే దాచిపెట్టకుండా వైద్యులకు చూపించి, విడిగా కూర్చోబెట్టి రాయించే వీలు గురించి ప్రధానోపాధ్యాయులను అడగాలి. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పిల్లల్లో అది కాలేయానికి, మెదడుకు ముప్పు తేవచ్చు.

హాల్‌టికెట్ రాగానే పేరు, పుట్టిన తేదీ, మాధ్యమం, సబ్జెక్టులు సరిచూసి, తప్పుంటే పాఠశాలకు తెలియజేయండి. కేంద్రాన్ని ఒకసారి ముందే చూసి రావాలి. వైకల్యం ఉన్న పిల్లలకు లేఖరి సాయం, అదనపు సమయం కావాలంటే వైద్య ధ్రువపత్రంతో చాలా ముందుగానే దరఖాస్తు చేయాలి.

పరీక్ష రాసి వచ్చిన బిడ్డను గుమ్మంలోనే నిలబెట్టి ఎన్ని మార్కులు వస్తాయని అడగకండి. అన్నం పెట్టి, కాసేపు పడుకోనిచ్చి, మర్నాటి పుస్తకం చేతికివ్వండి. తప్పిన సబ్జెక్టును సప్లిమెంటరీలో రాసుకోవచ్చన్న మాట ఫలితాలకు ముందే, మీ నోటి నుంచే పిల్లలు వినాలి. తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతకడం ఎందుకన్న మాట వచ్చినా ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.