మెడ నలుపు, మొటిమలు: క్రీమ్ కొనే ముందు కంచంలో మార్చుకోవాల్సినవి

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి కాస్త దళసరిగా అయితే చాలా ఇళ్లలో మొదట చేసే పని సున్నిపిండి పెట్టి గట్టిగా రుద్దడం. అది కుదరకపోతే నిమ్మచెక్క, ఆ తర్వాత బేకింగ్ సోడా. ఆడపిల్లయితే సరిగ్గా స్నానం చెయ్యవని తిట్లు కూడా పడతాయి. దయచేసి ఇది ఆపండి. అది మురికి కాదు. చాలామందిలో అది రక్తంలోని చక్కెరని కణాల్లోకి పంపే ఇన్సులిన్ అనే హార్మోన్ ఒంట్లో అవసరానికి మించి తిరుగుతోందని చెప్పే గుర్తు, డాక్టర్లు దీన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. కణాలు ఇన్సులిన్‌కి సరిగ్గా స్పందించకపోతే క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మ కణాలను తొందర తొందరగా పెంచుతుంది, అందుకే మడతల దగ్గర చర్మం మందమై నల్లబడుతుంది. రుద్దితే ఒరుసుకుపోయి ఇంకా నల్లగా అవుతుంది తప్ప తగ్గదు.

మొటిమల్లోనూ ఇన్సులిన్‌కి వాటా ఉంది. తీపి, మైదా, తెల్లన్నం ఎక్కువ తిన్నప్పుడు ఇన్సులిన్ ఒక్కసారిగా పెరుగుతుంది, దాంతో ఐజీఎఫ్-1 అనే హార్మోన్ పనితీరూ పెరిగి చర్మంలోని గ్రంథులు ఎక్కువ నూనె వదులుతాయి. 2007లో ఆస్ట్రేలియాలో మొటిమలున్న కుర్రాళ్ల మీద 12 వారాలు చేసిన పరిశోధనలో, షుగర్‌ని నెమ్మదిగా పెంచే తిండి తిన్నవాళ్లకి మొటిమలు బాగా తగ్గాయి. వంశం, వయసు, హార్మోన్లు కూడా కారణాలే కాబట్టి తిండి ఒక్కటే మొత్తం తగ్గించేస్తుందని నేను చెప్పను. కానీ మన చేతిలో ఉన్నది అదే.

మొదట ఒక రోజు తిన్న చక్కెర లెక్క రాయండి. చిన్న చెంచా అంటే సుమారు 4 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం రోజుకి 25 గ్రాముల లోపు, అంటే ఆరు చెంచాలు దాటకపోతే మంచిది. రెండు చెంచాల చొప్పున మూడు టీలు తాగితే అక్కడికే 24 గ్రాములు అయిపోయాయి, ఇంకా బిస్కెట్లు, పిల్లలకి పాలలో కలిపే పొడులు లెక్కలోకే రాలేదు. 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ ఒక్కటే దాదాపు 25 గ్రాములు. ప్యాకెట్ వెనక ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరస చూడటం అలవాటు చేసుకోండి. బెల్లం, తేనె వాడుతున్నాం కదా అనుకునేవాళ్లకి ఒక మాట: ఇన్సులిన్ విషయంలో వాటికీ చక్కెరకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. టీలో ఒకేసారి మానేస్తే నాలుగో రోజుకే మళ్లీ మొదలవుతుంది, అందుకే వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుక అలవాటు పడిపోతుంది.

ఇక అసలు సంగతి అన్నం. చక్కెర మానేశాం, అయినా ఏ మార్పూ లేదు అనేవాళ్ల కంచం చూస్తే పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం గుట్టగా తెల్లన్నం, అందులో రెండు చెంచాల కూర, రాత్రి మళ్లీ అదే. అన్నం మానమని కాదు, మనవల్ల అయ్యేదీ కాదు. కూర, పప్పు ఎక్కువ వడ్డించుకుని అన్నం తగ్గించండి. ముందు ఒక కప్పు కూరో, కీరా ముక్కలో, గుడ్డో తినేసి తర్వాత అన్నంలోకి వెళ్లండి, అదే తిండికి షుగర్ తక్కువగా పెరుగుతుంది. తెల్ల బియ్యమే కావాలంటే షుగర్ కాస్త నెమ్మదిగా పెంచుతుందని పేరున్న తెలంగాణ సోనా ప్రయత్నించవచ్చు, అలాగని రెట్టింపు తింటే లాభం లేదు. టిఫిన్‌కి ఇడ్లీ, దోసెల బదులు వారంలో రెండు మూడు రోజులు పెసరట్టు వేసుకోండి, ఉప్మా లేకుండా. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి, కనీసం మేడ మీద అటూ ఇటూ.

జిమ్‌కి వెళ్లే అబ్బాయిలు వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) మొదలుపెట్టాక వీపు నిండా మొటిమలు వస్తే రెండు నెలలు ఆపి చూడండి. మొటిమల విషయంలో పాలు కూడా కొంతమందికి పడవు, కానీ అందరూ మానాల్సిన పని లేదు.

ముడతల సంగతికొస్తే, రక్తంలో ఎక్కువైన చక్కెర చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌కి అతుక్కుని దాన్ని బిరుసుగా చేస్తుంది. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్షలో చూసేది కూడా ఇలా హిమోగ్లోబిన్‌కి అతుక్కున్న చక్కెరనే. కొల్లాజెన్ ఏళ్ల తరబడి ఉండిపోతుంది కాబట్టి ఈ నష్టం పేరుకుంటూ పోతుంది, నెలలో వెనక్కి రాదు. పైగా ముడతలకి ఎండ ఇంకా పెద్ద కారణం, సన్‌స్క్రీన్ వదిలేసి చక్కెర మాత్రమే మానితే సగం పనే. కొల్లాజెన్ తయారవడానికి విటమిన్ సి కావాలి, జామకాయలు, ఉసిరికాయలు మనకి చవకే.

మొటిమల్లో మార్పు తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మెడ నలుపుకి ఇంకా ఎక్కువ, అదీ బరువు ఎక్కువున్నవాళ్లు కొంత తగ్గితేనే. నెలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీసుకోండి, రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఒక్కసారిగా తిండి తగ్గించకండి, షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

మెడ నలుపుతో పాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా, సెగ్గడ్డలు, తామర మళ్లీ మళ్లీ వస్తున్నా ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ చేయించుకుని డాక్టర్‌కి చూపించండి. సన్నగా ఉన్న పెద్దవాళ్లకి ఈ నలుపు హఠాత్తుగా వచ్చి అరచేతులకి, నోటికి పాకితే ఆలస్యం చేయకూడదు, అరుదుగా లోపలి క్యాన్సర్‌కి గుర్తు కావచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీములు మాత్రం వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, చర్మం పల్చబడి, ఎర్రబడి, మానేయగానే మొటిమలు ముందుకంటే ఎక్కువగా వస్తాయి. ఇప్పటికే వాడుతుంటే ట్యూబ్ తీసుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎలా ఆపాలో వాళ్లు చెబుతారు.